స్కూల్ ఫీజు నేరుగా కడితే మనోవర్తిలో లెక్కకు వస్తుందా?

ఉప్పల్_నాన్న
మా పాప మూడో తరగతి. నేనూ వాళ్లమ్మా విడిగా ఉండబట్టి రెండేళ్లు దాటింది. పాప వాళ్లమ్మ దగ్గరే ఉంటోంది. ఫ్యామిలీ కోర్టు పాపకి నెలకి 15 వేలు ఇంటరిమ్ (కేసు తేలేదాకా ఇచ్చే మనోవర్తి) వేసింది. ఒక్క నెల తప్పకుండా పంపుతూ వచ్చాను. జూన్‌లో స్కూల్ నుంచి ఫోన్. మొదటి టర్మ్ ఫీజు అందలేదన్నారు. పాపని క్లాసు బయట నిలబెడతారేమోనని భయమేసి 38 వేలు నేనే ఆన్‌లైన్‌లో కట్టేశాను. అందుకని జూన్, జులై పంపలేదు. ఆగస్టులో మిగిలిన 7 వేలు పంపాను. మూడు నెలలకి 45 వేలు, లెక్క సరిపోయింది అనుకున్నా. ఇప్పుడు 38 వేలు బకాయి అంటూ పిటిషన్ వేశారు, నోటీసు వచ్చింది.

ఇది కాక సైకిల్ 6,500, డెంగీ అనుమానంతో చేయించిన టెస్టులు 4,200, పండక్కి రెండు జతల బట్టలు, సుకన్య సమృద్ధిలో నెలకి 5 వేలు. ఇవేవీ లెక్కలోకి రావా? వాయిదా 19న. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

కూకట్‌పల్లి_కుర్రోడు
కట్టింది నీ పాప స్కూల్‌కే కదా అన్నా. రసీదు చూపించు, అయిపోతుంది. భయపడకు.

హన్మకొండ_అమ్మ
అంత తేలిగ్గా అయిపోదు తమ్ముడూ. నేను అటు వైపు మనిషిని, అందుకే చెబుతున్నా. ఆ 15 వేలు వస్తాయనే కదా ఆ ఇంట్లో అద్దె, పాలు, గ్యాస్, పాప ఆటో అన్నీ నడిచేది. రెండు నెలలు ఒక్క రూపాయి రాకపోతే ఆమె ఎక్కడ తెచ్చి నడిపింది? ఫీజు కట్టడం మంచి పనే. కానీ ఆమెతో ఒక్క మాట అనకుండా నెల డబ్బులో కోసుకోవడం మంచి పని కాదు.

మా ఆయన కూడా అంతే. దసరాకి పిల్లాడికి 3 వేల షూ కొని ఆ నెల 8 వేలకి బదులు 5 వేలు వేశాడు. షూ తిని బతకలేం కదా.

ఉప్పల్_నాన్న
మేడమ్, మాట్లాడదామంటే నా నంబర్ బ్లాక్ చేసి ఉంది. స్కూల్ వాళ్లు రేపటిలోగా కట్టమన్నారు. ఏం చేయమంటారు?

బెజవాడ_ప్లీడర్
ముందు ఆర్డర్ కాపీ చివరి పేరా తీసి చదవండి. 'పోషణకు' అని మాత్రమే రాశారా, 'పోషణకు, చదువుకు కలిపి' అని రాశారా, 'స్కూల్ ఫీజు దీనికి అదనం' అని రాశారా? మూడింటికీ మూడు జవాబులు. ఉత్త పోషణకే అయితే ఫీజు అందులో సర్దుకుంటానంటే ఒప్పుకోవడం కష్టం. కలిపి అని ఉంటే మీకు వాదన ఉంది. అదనం అని ఉంటే మీరు కట్టాల్సింది మీరు కట్టారు, నెల డబ్బు అలాగే బాకీ.

ఇక సైకిలు, బట్టలు. తండ్రి ఇష్టంగా కొన్నవి కోర్టులు సాధారణంగా కానుకగానే చూస్తాయి. వైద్యం ఖర్చుకి బిల్లు ఉంటే చెప్పుకోవచ్చు, కానీ అది కూడా ముందే కోర్టుకి చెప్పి సర్దుబాటు అడగాలి. మనకి మనమే కత్తిరించుకుంటే ఎదుటివాళ్ల కాగితంలో అది బకాయి కిందే కనిపిస్తుంది.

కూకట్‌పల్లి_కుర్రోడు
జీతంలో 25 శాతం ఇస్తే చాలు అని సుప్రీంకోర్టు చెప్పింది కదా? అన్న ఇచ్చేదంతా కలిపితే 25 దాటుతుందేమో.

బెజవాడ_ప్లీడర్
అది 2017 నాటి కల్యాణ్ డే చౌదరి కేసు. భార్యకి ఇచ్చే భరణం విషయంలో నికర జీతంలో 25 శాతం న్యాయంగా ఉంటుందన్నారు. పిల్లల డబ్బుకి మన దేశంలో శాతం లెక్క లేదు. ఇద్దరి ఆదాయం, బిడ్డ అవసరాలు, ఇప్పటిదాకా బిడ్డ పెరిగిన తీరు చూసి జడ్జి నిర్ణయిస్తారు.

మీరు అసలు చూడాల్సింది 2020 నవంబర్ 4న వచ్చిన రజ్‌నేష్ వర్సెస్ నేహా తీర్పు. బిడ్డ ఖర్చంటే తిండి, బట్ట, ఇల్లు, వైద్యం, చదువు అని అందులో చెప్పారు. కోచింగ్‌కీ, ఇతర క్లాసులకీ తగుమాత్రం ఇవ్వాలి, విలాసంగా కాదు అన్నారు. చదువు ఖర్చు మామూలుగా తండ్రిదే. తల్లికి కూడా చాలినంత సంపాదన ఉంటే ఇద్దరూ దామాషాలో పంచుకోవచ్చు. ఇద్దరూ ఆస్తులు, అప్పులు, జీతం, ఖర్చులతో అఫిడవిట్ వేయాలి. డబ్బు లెక్క పిటిషన్ వేసిన రోజు నుంచి మొదలవుతుంది. ఈ చివరి ముక్క చాలామందికి తెలియదు. కేసు ఏడాదిన్నర సాగి నెలకి 10 వేలు వేశారనుకోండి, తీర్పు రోజుకే 1 లక్షా 80 వేలు నెత్తిన ఉంటాయి.

సిద్దిపేట_టీచరమ్మ
పంచుకోవడం గురించి నా అనుభవం. నా జీతం ఆయన జీతంలో సగం. 'ఆవిడకీ ఉద్యోగం ఉంది, నేనెందుకు ఇవ్వాలి' అని వాదించారు. మా లాయర్ 2000 సంవత్సరం నాటి పద్మజా శర్మ తీర్పు చూపించారు. అందులో కూడా తల్లి జీతం తండ్రి జీతంలో సగమే, అందుకని పిల్లల ఖర్చు 2:1గా పంచారు. మాకూ దాదాపు అలాగే వచ్చింది. నాకు ఉద్యోగం ఉందని ఆయన బాధ్యత పోలేదు, ఆయన ఇస్తున్నాడని నాదీ పోలేదు.

ఒక్క మాట మాత్రం ఎవరూ లెక్కేయరు. రాత్రి రెండింటికి జ్వరం చూసేది, హోంవర్క్ చేయించేది, పేరెంట్స్ మీటింగ్‌కి సెలవు పెట్టి వెళ్లేది నేనే. దానికి బిల్లు ఉండదు.

శ్రీకాకుళం_బాబు
మరి నా బాబుని నాకు చూపించడం లేదు. నెలకి రెండు ఆదివారాలు చూపించమని ఆర్డర్ ఉంది. ఆరు నెలల్లో చూసింది మూడుసార్లు. నేను మాత్రం ఠంచనుగా డబ్బు కట్టాలా? ఇదేం న్యాయం?

హన్మకొండ_అమ్మ
చూపించకపోవడం తప్పే. నేను ఆమెని సమర్థించను. కానీ ఆ తప్పుకి బాబు పాలు ఆపితే ఎలా?

బెజవాడ_ప్లీడర్
రెండూ వేరు వేరు దారులు. చూపించడం లేదంటే ఆ ఆర్డర్ అమలు కోసం పిటిషన్ వేయండి, తేదీలు రాసిపెట్టుకోండి. డబ్బు ఆపారంటే ఆ కేసులో మీ బలమే తగ్గుతుంది. నా దగ్గరికొచ్చే తండ్రులందరికీ ఇదే చెబుతాను, సగం మంది వినరు.

ఫ్రిస్కో_బాబాయ్
ఇక్కడ టెక్సస్ పద్ధతి చెబుతాను, పోల్చి చూసుకోండి. తండ్రి నికర ఆదాయంలో ఒక బిడ్డకి 20 శాతం, ఇద్దరికి 25, ముగ్గురికి 30. ఒక పరిమితి వరకే ఈ శాతాలు. జీతమే కాదు, ఓవర్‌టైమ్, బోనస్, కమీషన్ అన్నీ కలుస్తాయి. డబ్బు రాష్ట్ర ప్రభుత్వ ఖాతా ద్వారా తల్లికి వెళ్తుంది, చాలామందికి జీతంలోనే కోత. నా స్నేహితుడు ఆ ఖాతా కాకుండా నేరుగా ఆమెకి డబ్బు పంపేవాడు. తర్వాత గొడవ వస్తే అదంతా గిఫ్ట్ కిందికి పోయింది, మళ్లీ కట్టాడు. బొమ్మలు, ఐప్యాడ్, డిస్నీ టూర్ ఏదీ లెక్కలోకి రాదు.

లెస్టర్_పిన్ని
ఇంగ్లండ్‌లో ఇంకో రకం. ఒక బిడ్డకి వారం ఆదాయంలో 12 శాతం, ఇద్దరికి 16, ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువైతే 19. వారానికి 800 పౌండ్ల దాకా ఇదీ రేటు, ఆపైన తక్కువ. బిడ్డ ఏడాదికి 52 రాత్రులు తండ్రి దగ్గర పడుకుంటే ఏడో వంతు తగ్గుతుంది. అందుకే ఇక్కడ కొందరు రాత్రులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు. ఫ్రిడ్జ్ మీద క్యాలెండర్, దాని మీద టిక్కులు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఉప్పల్_నాన్న
లెస్టర్ పిన్నిగారు చెప్పింది ఇక్కడ ఉందా? మేలో వేసవి సెలవులకి పాప నెలంతా నా దగ్గరే ఉంది. ఆ నెల కూడా 15 వేలు పంపాను.

బెజవాడ_ప్లీడర్
మనకి రాత్రుల లెక్క లేదు. ఆర్డర్‌లో రాసి ఉంటే తప్ప సెలవుల నెల కోసుకోవద్దు. పాప మీ దగ్గరున్నా అక్కడ ఇంటద్దె ఆగదు కదా. మీరు పంపి మంచి పని చేశారు, అది మీకు మంచి రికార్డు.

నంద్యాల_రైతు
జీతాల వాళ్లకి స్లిప్పులుంటాయి. మాకేముంటాయి? నాకు నాలుగున్నర ఎకరాలు. శనగ వేస్తే ఒక ఏడు వస్తుంది, ఒక ఏడు పెట్టుబడే పోతుంది. అఫిడవిట్ ఇవ్వమంటే మామూలు ఫారం ఇచ్చారు, అందులో 'నెల జీతం' అని ఉంది. ఏం రాయను?

బెజవాడ_ప్లీడర్
రైతులకి వేరే ఫారం ఉందండీ, అదే 2020 తీర్పుతో పాటు ఇచ్చారు. పొలం ఎంత, మాగాణా మెట్టా, ఏం పంట, గేదెలు, మేకలు, కోళ్లు, చేపల చెరువు, వ్యవసాయ అప్పులు అన్నీ అందులో అడుగుతారు. మీ లాయర్‌ని ఆ ఫారమే వేయమనండి.

నంద్యాల_రైతు
గేదెలు కూడానా? మాకు రెండున్నాయి. ఒకటి చూడిది, దాని లెక్క వచ్చే ఏడు చెప్పాలి.

కూకట్‌పల్లి_కుర్రోడు
బాబాయ్, పుట్టే దూడని కూడా రాసెయ్, పాపకి పాలు ఖాయం.

నంద్యాల_రైతు
మా బాబుకి మీగడ పెరుగంటే ప్రాణం రా అబ్బాయ్. నెలకి 6 వేలతో పాటు ప్రతి శనివారం ఆళ్లగడ్డలో వాళ్లమ్మమ్మ ఇంటికి రెండు లీటర్ల పాలు పంపుతాను. దాన్ని లెక్కలో వేయమని ఎవర్నీ అడగను.

ఉప్పల్_నాన్న
సుకన్య సంగతి ఎవరూ చెప్పలేదు. నెలకి 5 వేలంటే చిన్న మొత్తం కాదు నాకు. అది పాప పేరునే కదా ఉంది.

సిద్దిపేట_టీచరమ్మ
పాప పేరున ఉన్నది పాపకి మంచిదే. కానీ ఆ డబ్బు పదో తరగతి పాసయ్యాకో, 18 నిండాకో చదువు కోసం సగం దాకా తీయొచ్చు. మొత్తం చేతికి రావడానికి ఖాతా తెరిచిన దగ్గర్నుంచి 21 ఏళ్లు. ఈ నెల కూరగాయలకి ఆ డబ్బు రాదు కదా తమ్ముడూ. దాచిపెట్టడం వేరు, పోషించడం వేరు. నాకూ ఇదే వాదన ఎదురైంది, ఎల్‌ఐసీ పాలసీ రూపంలో. జడ్జిగారు ఒక్క ముక్కలో తోసేశారు.

హైటెక్_సిటీ_కీబోర్డు
అదే రకం ప్రశ్న. నాకు ఇంటి ఈఎంఐ 42 వేలు, పర్సనల్ లోన్ 11 వేలు. చేతిలో మిగిలేదాన్ని చూస్తారా, మొత్తం జీతాన్ని చూస్తారా?

బెజవాడ_ప్లీడర్
ఇన్‌కమ్ ట్యాక్స్, ప్రొఫెషనల్ ట్యాక్స్, తప్పనిసరి పీఎఫ్ పోనూ మిగిలేది చూస్తారు. మీ అంతట మీరు తెచ్చుకున్న అప్పులు తీసేసి లెక్కేయమంటే సాధారణంగా వినరు. కేసు పడ్డాక తీసుకున్న పర్సనల్ లోన్ అయితే అనుమానంగానే చూస్తారు. బిడ్డ ఉంటున్న ఇంటికే ఈఎంఐ కడుతున్నారనుకోండి, అది వేరు. బిడ్డకి ఇల్లు ఇచ్చినట్టే కాబట్టి గట్టిగా చెప్పుకోవచ్చు.

పాతబస్తీ_అమ్మీ
మా అన్న తన మాజీ భార్యకి 'తలాక్ అయిపోయింది, ఇద్దత్ (తలాక్ తర్వాత ఆగాల్సిన గడువు) దాకానే' అని పిల్లలకి కూడా ఆపేశాడు. తప్పని ఎంత చెప్పినా వినలేదు. 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసిందట, తండ్రి దగ్గర డబ్బుంటే పిల్లలు మేజర్ అయ్యేదాకా సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 125 కింద పోషించాల్సిందేనని. కోర్టులో ఆ తీర్పు చూపించాకే ఇవ్వడం మొదలుపెట్టాడు. నా అన్నే అయినా, నేను వదిన వైపే నిలబడ్డాను.

హన్మకొండ_అమ్మ
పాతబస్తీ అమ్మీ, మీలాంటి ఆడపడుచు నాకుంటే ఎంత బాగుండేది.

అనంత_చెల్లి
మాది మ్యూచువల్. విడాకులు తొందరగా కావాలని 'నాకూ పాపకీ ఏమీ అక్కర్లేదు' అని రాసి సంతకం పెట్టాను. ఇప్పుడు ఫీజులు కట్టలేకపోతున్నా. సంతకం పెట్టాను కాబట్టి అయిపోయినట్టేనా?

బెజవాడ_ప్లీడర్
కాదమ్మా. మీ హక్కు మీరు వదులుకోవచ్చు గానీ, బిడ్డ హక్కు మీరు వదిలేయలేరు. పాప తరఫున పిటిషన్ వేయొచ్చు. పాత సెక్షన్ 125 ఇప్పుడు సీఆర్‌పీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలో 144 అయింది, 2024 జులై 1 నుంచి. లాయర్ ఫీజు గురించి ఆగిపోవద్దు. ఆడవాళ్లకి, పిల్లలకి ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. 15100కి ఫోన్ చేయండి, లేదా మీ జిల్లా కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది.

అనంత_చెల్లి
ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. సోమవారమే వెళ్తాను.

హైటెక్_సిటీ_కీబోర్డు
18 నిండితే ఆగిపోతుందా?

బెజవాడ_ప్లీడర్
125 కింద మామూలుగా మేజర్ అయ్యేదాకే, వైకల్యం ఉంటే తప్ప. పెళ్లికాని కూతురు తనంతట తాను బతకలేకపోతే 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం కింద పెళ్లయ్యేదాకా అడగొచ్చు. 2020లో అభిలాష కేసులో ఈ తేడా వివరంగా చెప్పారు. ఆ చట్టంలో పెళ్లి ఖర్చు కూడా పోషణలో భాగమే. కొడుకు బీటెక్ ఫీజు సంగతి మాత్రం రాజీ కాగితంలో ముందే రాయించుకోండి. ఇంటర్ అయ్యేటప్పటికి మనవాళ్లకి అసలు ఖర్చు మొదలవుతుంది.

కాకినాడ_కూతురు
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నా. నేను ఆ లెక్కల్లోని పిల్లని. ఇప్పుడు నాకు 28.

నాన్న ప్రతి నెలా ఐదో తారీఖుకల్లా చేరేట్టు మనియార్డర్ పంపేవారు. కింద కూపన్ మీద రెండు ముక్కలు రాసేవారు. 'బాగా చదువు', 'మామిడిపళ్లు వచ్చాయా' అని. పోస్ట్‌మాన్ తాత సైకిల్ బెల్ వినగానే పరుగెత్తేదాన్ని. అమ్మ డబ్బు లెక్క చూసుకునేది, నేను కూపన్ చదువుకునేదాన్ని. ఆ కూపన్లన్నీ ఇప్పటికీ బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి.

నేను ఆరో తరగతిలో ఉండగా నాన్న నా పుట్టినరోజుకి గొలుసు చేయించారు. చాలా ప్రేమగా చేయించారు, నాకు తెలుసు. దాని డబ్బు సర్దుకోవడానికి మూడు నెలలు మనియార్డర్ ఆపేశారు. రెండో నెల ఇంటివాళ్లు అద్దె అడగడానికి వచ్చారు. అమ్మ ఆ రాత్రి నా దగ్గర కూర్చుని 'గొలుసు ఒకసారి ఇస్తావా' అంది. మెయిన్ రోడ్డులో తాకట్టు పెట్టాం. విడిపించలేకపోయాం.

నాన్నకి ఆ సంగతి నేను పెళ్లయ్యాక చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. చాలాసేపు నా మెడ వైపే చూస్తూ కూర్చున్నారు.

ఉప్పల్ అన్నా, మీరు చెడ్డవారు కారు. మా నాన్న కూడా కాదు.

హన్మకొండ_అమ్మ
అమ్మా కాకినాడ, ఏడిపించేశావు.

కూకట్‌పల్లి_కుర్రోడు
నేను పైన తొందరపడి రాశాను. రసీదు చూపిస్తే చాలు అన్నది వెనక్కి తీసుకుంటున్నా.

ఉప్పల్_నాన్న
రాత్రి రెండుసార్లు చదివాను. ఆర్డర్ కాపీ తీసి చూశాను. 'పోషణకు, చదువు ఖర్చులకు కలిపి' అనే ఉంది ప్లీడర్‌గారూ. అంటే నా వైపు వాదన ఉన్నట్టేనా? కానీ జూన్, జులైలో వాళ్లు ఎలా గడిపారో నేను ఆలోచించలేదు. నిజంగా ఆలోచించలేదు.

బెజవాడ_ప్లీడర్
వాదన ఉంది. ఫీజు రసీదు, మీ బ్యాంక్ స్టేట్‌మెంట్, స్కూల్ నుంచి వచ్చిన మెసేజ్ జతచేసి మెమో (కోర్టుకిచ్చే వివరణ కాగితం) వేయించండి. 19న తప్పకుండా హాజరవ్వండి. రాకపోతే వారెంట్ దాకా పోతుంది. ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు వేసే అధికారం ఉంది. జైలుకి వెళ్లొచ్చినా బాకీ తీరదని 1989లోనే కుల్‌దీప్ కౌర్ కేసులో చెప్పారు. అంత దూరం మీకు రాదు. చేతిలో ఎంతుంటే అంత ముందే ఖాతాలో వేసి వెళ్లండి, అది మాటలకన్నా ఎక్కువ చెబుతుంది. ముందు ముందు ఫీజు నేరుగా మీరే కట్టాలనుకుంటే ఆర్డర్ మార్చమని అడగండి. దానికి సెక్షన్ పాత 127, ఇప్పుడు 146.

సిద్దిపేట_టీచరమ్మ
నెల డబ్బు వేసేటప్పుడు యూపీఐలో ఏ నెలదో రాయండి. 'పాప, సెప్టెంబర్' అని. నగదు చేతికి ఇవ్వొద్దు, వాళ్ల అన్నయ్యకో తమ్ముడికో అసలు ఇవ్వొద్దు.

ఉప్పల్_నాన్న
వెళ్లొచ్చాను. ముందు రోజే 20 వేలు ఆమె ఖాతాలో వేశాను. మెమో వేశాం. జడ్జిగారు రసీదులు చూసి కౌన్సెలింగ్‌కి పంపారు. అక్కడ ఆమె చెప్పింది, జులైలో వాళ్ల నాన్నగారి మందులకి ఉంచిన డబ్బుతో ఇల్లు నడిపిందట. నేను ఫీజు కట్టినట్టు ఆమెకి ఆగస్టు దాకా తెలియదు, స్కూల్ వాళ్లు చెప్పలేదు. ఆమె కూడా కట్టడానికి గాజులు తీసుకుని బయల్దేరిందట.

చివరికి ఇలా అనుకున్నాం. నెలకి 11 వేలు ఐదో తారీఖులోపు ఆమె ఖాతాకి. స్కూల్ ఫీజు, బస్సు ఫీజు నేనే నేరుగా స్కూల్‌కి, రసీదు అదే రోజు ఆమెకి. హాస్పిటల్ బిల్లు 2 వేలు దాటితే చెరి సగం. సైకిలు, బట్టలు, సుకన్య నా ఇష్టం, ఏ లెక్కలోకీ రావు. మిగిలిన 18 వేలు రెండు వాయిదాల్లో కట్టేస్తాను. ఇద్దరి లాయర్లూ కాగితం తయారు చేస్తున్నారు, వచ్చే వాయిదాకి కోర్టులో పెడతారు. నంబర్ అన్‌బ్లాక్ చేసింది.

హన్మకొండ_అమ్మ
మంచి పని చేశావు. రెండో టర్మ్ ఫీజు ఆఖరి తేదీ కూడా అందులో రాయించు. మళ్లీ ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు పరుగెత్తొద్దు.

ఉప్పల్_నాన్న
నవంబర్ 10. రాయించాను అక్కా.